నుంగంబాక్కం తివాచీల షాపు: సరుకు బాగుంది, చీటీని నమ్మకండి

హాల్లోకి పాత ఇరానీ తివాచీ కావాలని చెన్నై నుంగంబాక్కంలో ఓ పాత బంగళాలో నడిచే షాపుకి వెళ్లాం. సరుకు నిజంగా మంచిది, కానీ దాదాపు ప్రతిదానికీ ‘యాంటిక్’ అని చీటీ కట్టేశారు. ఈ వ్యాపారంలో ఆ మాట మామూలుగా నూరేళ్లు దాటినవాటికే వాడతారు. బలూచ్ తెగవాళ్లు నేసిన ఒక తివాచీ వయసు గుచ్చి గుచ్చి అడిగితే సేల్స్ అబ్బాయి (నెల్లూరు వాడట) నవ్వేసి “అరవై ఉంటాయేమో మేడమ్” అన్నాడు. మరి ఆ చీటీ ఎందుకు బాబూ?

పాపం ఓపిగ్గా ఒక్కోటీ తిరగేసి చూపించింది కూడా ఆ అబ్బాయే. చేత్తో నేసినదైతే వెనకవైపు కూడా డిజైన్ ముడి ముడిగా కనబడుతుంది, కుచ్చులు విడిగా కుట్టినవి కావు, పడుగు దారాలే (మగ్గం మీద నిలువుగా కట్టేవి) చివర్లో బయటికొస్తాయి. ఖష్కాయ్, బలూచ్ లాంటి సంచార తెగలకి గొర్రెల మందలుంటాయి కాబట్టి పాతవాటిలో పడుగు కూడా ఎక్కువగా ఉన్నిదే, పట్నం కార్ఖానాల్లో నేసినవాటికి మాత్రం సాధారణంగా నూలు. సంచార తెగలది నేలమీద పరిచే మగ్గం, వలస వెళ్లాల్సి వస్తే విప్పి మూటగట్టేస్తారు, అందుకే అంచులు కాస్త వంకర పోతాయి, నాకైతే అదే అందం. మేం తీసుకున్న ఖష్కాయ్ ముక్క ఇరాన్‌లోని ఫార్స్ ప్రాంతానిది. అందులో ఎరుపు ఒకచోట ముదురు, జానెడు పైన లేత. ఉన్నిని విడతలు విడతలుగా అద్దడం వల్ల వచ్చే ఈ తేడాని అబ్రాష్ అంటారు, మా ఆయన దాన్ని డ్యామేజ్ అని చూపించి డిస్కౌంట్ అడిగారు!

తడి తెల్లగుడ్డతో రుద్ది చూస్తామంటే కాదనలేదు. ఒకదాని రంగు గుడ్డకి అంటింది, దాన్ని వాళ్లే పక్కన పెట్టేశారు, ఆ నిజాయితీకి మార్కులు. ధరలు మాత్రం ఎక్కడా రాసి ఉండవు, మనిషిని చూసి చెబుతున్నారనిపించింది, బేరం గట్టిగానే ఆడాలి.

మన ఫ్లాట్లకి హాలంతా పరిచే సైజు అక్కర్లేదు. సోఫా ముందు చిన్నది చాలు, గోడలూ కర్టెన్లూ సాదాగా ఉంచండి. ఖుర్జీన్ అనే జీను సంచుల ముఖభాగాలు కూడా ఉన్నాయి, గోడకి చాలా బాగుంటాయి. చెన్నై తేమకి మాత్రం సోఫా కిందకి దూరిన భాగాన్ని అప్పుడప్పుడు ఎత్తి గాలి తగలనివ్వాలి, ఉన్ని తినే పురుగు చీకట్లోనే చేరుతుంది. పార్కింగ్ లేదు, ఆటోలో వెళ్లండి. డెలివరీ వాళ్లదే, మడతపెట్టకుండా చుట్టి పంపమని మాత్రం ముందే గట్టిగా చెప్పండి.