సరాయెవో యుద్ధ బాల్యం మ్యూజియం: చిన్నదే, హడావిడిగా చూస్తే దండగ

బోస్నియా రాజధాని సరాయెవోలో, పాత బజారు దగ్గర లోగావినా వీధి ఎక్కితే 32వ నంబరు భవనం ఇది. 1990ల బోస్నియా యుద్ధంలో పిల్లలుగా ఉన్నవాళ్లు దాచుకున్న వస్తువులు, జ్ఞాపకాలు ఇందులో ఉంటాయి. 2017 జనవరిలో తెరిచారు. మరుసటి ఏడాదే కౌన్సిల్ ఆఫ్ యూరప్ మ్యూజియం బహుమతి కొట్టేసింది. అంత పేరుంది కదా అని పెద్ద భవనం ఊహించుకోకండి. ఆగకుండా నడిస్తే పావుగంటలో బయటికొచ్చేస్తారు. గంటన్నర చేతిలో ఉంటేనే వెళ్లండి.

ఎందుకంటే ఇక్కడ అసలు సరుకు వస్తువుల పక్కనున్న రాతల్లో ఉంది. బ్యాలే చెప్పుల జత, ఊయల, సాయంగా వచ్చిన తిండి పొట్లం కాగితం... ఊరికే చూస్తే ఏముంది, ఏ అటక మీదైనా దొరికేవే. ముందు రాత చదివి తర్వాత వస్తువు చూడాలి. ఆ మాటలు నిర్వాహకులవి కావు, ఆ వస్తువు దాచుకున్నవాళ్లవే. 2010లో జాస్మింకో హలిలోవిచ్ అనే యువకుడు ‘యుద్ధంలో బాల్యమంటే నీకేమిటి?’ అని నెట్‌లో అడిగాడు. జవాబు 160 అక్షరాలు దాటకూడదన్నాడు. వెయ్యిమందికి పైగా రాశారు. మ్యూజియానికి బీజం అదే. ఆ పొదుపు ఇప్పటికీ గోడల మీద కనిపిస్తుంది: ఉపన్యాసాల్లేవు, ఏడిపించే సంగీతం లేదు. వీడియో సాక్ష్యాలకు విడిగా సమయం పెట్టుకోండి.

సేకరణలో వేల వస్తువులున్నా ఒకేసారి కొన్ని పదులే పెడతారు, మారుస్తుంటారు. ఫొటోలో చూసింది కనబడలేదని గొడవపడి లాభం లేదు.

లోటు ఒకటుంది, చిన్నదేం కాదు. 1992 ఏప్రిల్ నుంచి 1996 ఫిబ్రవరి దాకా నగరాన్ని ముట్టడించిందెవరు, పక్కింటివాళ్లు పగవాళ్లెలా అయ్యారు అన్న జోలికి ఈ మ్యూజియం పెద్దగా పోదు. ఏ పక్షమూ వహించకూడదన్నది వాళ్ల నియమం. సరే, పిల్లల గొంతు పెద్దల వాదనల్లో కొట్టుకుపోలేదు. కానీ కొన్ని బోస్నియా ఊళ్లలో యుద్ధం ముగిశాక కూడా బోస్నియాక్ (బోస్నియా ముస్లిం), క్రొయేట్ (ఎక్కువగా క్యాథలిక్) పిల్లలను ఒకే బడి కప్పు కింద వేరు వేరు తరగతుల్లో కూర్చోబెట్టారు. ద్వేషం అలా పాఠ్యపుస్తకంలోకి దూరిన సంగతికి ఒక గోడైనా కేటాయించి ఉంటే బాగుండేది. నేపథ్యం తెలియనివాళ్లు ముందు ట్రామ్ ఎక్కి చారిత్రక మ్యూజియంలో ముట్టడి ప్రదర్శన చూసి రావడం మేలు. నీళ్లు, కరెంటు, గ్యాస్ లేకుండా జనం ఎలా బతికారో, చేత్తో చేసుకున్న పొయ్యిలతో సహా అక్కడుంది.

పిల్లలను తీసుకెళ్లొచ్చా? పదేళ్లు దాటి, సొంతంగా ఇంగ్లిష్ చదవగలిగితే నిక్షేపంగా. అంతకంటే చిన్నవాళ్లు విసుగెత్తిపోతారు, మిమ్మల్నీ చదవనివ్వరు.