సగం ధరకే ‘పై లాంటి’ బోర్డు కిట్ కనిపిస్తే ఆర్డర్ పెట్టే ముందు ఇది చదవండి

రాస్ప్‌బెర్రీ పై అంటే హాబీ ప్రాజెక్టులకి వాడే చిన్న కంప్యూటర్ బోర్డు, క్లుప్తంగా ‘పై’. ‘రాస్ప్‌బెర్రీ పైకి ప్రత్యామ్నాయం, సగం ధరకే’ అంటూ అమ్మే కిట్లు ఈ మధ్య ఆన్‌లైన్‌లో బాగా కనిపిస్తున్నాయి. బోర్డు, అడాప్టర్, మెమరీ కార్డు, ప్లాస్టిక్ డబ్బా, జంపర్ వైర్లు అన్నీ ఒకే ప్యాకెట్లో. అలాంటిదొకటి నేనూ కొన్నాను. ఇప్పుడది డ్రాయర్లో పడి ఉంది. అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. రాసినా పెద్దగా ఉపయోగం లేదు, ఎందుకంటే అదే బోర్డు, అవే ఫొటోలతో వేరే వేరే షాపు పేర్ల మీద దొరుకుతోంది. ఏమేం చూసుకోవాలో రాస్తాను, అది పనికొస్తుంది.

నేను అనుకున్నది పెద్ద ప్రాజెక్టేం కాదు. మేడ మీద ట్యాంకులో నీటి మట్టం చూడటం, నిండగానే రిలే అనే ఎలక్ట్రిక్ స్విచ్‌తో మోటారు ఆపడం, ఆ లెక్కలు గ్రాఫుగా ఫోన్లో కనిపించడం. వీలైతే ఇంట్లో ఫోన్లన్నిటికీ యాడ్స్ ఆపే పై-హోల్ అనే ప్రోగ్రామ్ కూడా అదే బోర్డు మీద. వీటికి 1 గిగాబైట్ ర్యామ్ ఉంటే ధారాళంగా సరిపోతుంది. లిస్టింగ్ పేరులో ‘4 జీబీ’ అని పెద్ద సైజులో కనిపించేలా ఉంది.

బోర్డు ఆన్ చేసి టెర్మినల్లో ‘ఫ్రీ’ కమాండ్ కొడితే వచ్చింది 512 మెగాబైట్ల లోపు. ఫోన్ చేసి అడిగితే వచ్చిన జవాబు ఇది: “సార్, మేం గిగాబిట్ అని రాశాం, గిగాబైట్ అని ఎక్కడా రాయలేదు. మళ్లీ చూడండి.” మళ్లీ చూశాను. నిజమే, ఇంగ్లిషులో చివరి ‘బి’ చిన్నది. 8 బిట్లు ఒక బైట్ కాబట్టి 4 గిగాబిట్లంటే 512 మెగాబైట్లే. చిప్ తయారీదారులు తమ డేటాషీట్లలో మెమరీని బిట్లలో చెప్పడం మామూలే. కానీ కంప్యూటర్ కొనేవాడికి బిట్లలో చెప్పేవాడు ఎవడూ ఉండడు, మోసం చేయాలనుకుంటే తప్ప. ర్యామ్ ఎంతో లిస్టింగ్‌లో కాకుండా ఛాట్‌లో అడిగి, ‘1024 మెగాబైట్లు’ లాంటి అంకెతో జవాబు రాయించుకోండి. రాయకపోతే కొనకండి.

ర్యామ్ సంగతి ఒక ఎత్తు, అసలు దెబ్బ సాఫ్ట్‌వేర్ దగ్గర తగిలింది. కొత్తగా ఈ హాబీలోకి వచ్చేవాళ్లు దీన్ని పట్టించుకోరు. ధర, ర్యామ్, కోర్లు, పోర్టులు పోల్చి చూసి కొనేస్తారు.

ఈ బోర్డుకి తయారీదారు వెబ్‌సైటంటూ లేదు. ప్యాకెట్లో ఒక క్యూఆర్ కోడ్ ఉంది, స్కాన్ చేస్తే ఎవరిదో ఫైల్ షేరింగ్ ఫోల్డర్ తెరుచుకుంటుంది. అందులో రెండు ఇమేజ్‌లు (కార్డులోకి ఎక్కించే ఓఎస్ ఫైళ్లు), ఒకటి ఆండ్రాయిడ్, ఇంకొకటి ఉబుంటు 16.04 అనే లైనక్స్ ఓఎస్. ఆ ఉబుంటుకి మామూలు మద్దతు 2021 ఏప్రిల్‌లోనే ముగిసింది. కింద ఉన్న కర్నెల్ (ఓఎస్‌కి గుండెకాయ లాంటి భాగం) 3.10. అది 2013 జూన్‌లో వచ్చింది, 2017 నవంబర్‌తో దానికి లైనక్స్ వాళ్ల మద్దతు ఆగిపోయింది. అంటే కొత్త బోర్డు పేరుతో మనం కొంటున్నది ఏళ్ల క్రితమే వదిలేసిన సాఫ్ట్‌వేర్.

పాతదైతే ఏంటి, ట్యాంకు లెవెలే కదా అనిపించొచ్చు. ఎక్కడ తగులుతుందో చెప్తాను. ఉబుంటు 16.04లో వచ్చే పైథాన్ ప్రోగ్రామింగ్ భాష వెర్షన్ 3.5. పైథాన్ లైబ్రరీలు ఎక్కించే ‘పిప్’ ఇన్‌స్టాలర్ 21.0 నుంచి ఆ పైథాన్‌ని వదిలేసింది. సెన్సర్ లైబ్రరీ పెట్టబోతే ఎర్రర్, పాత వెర్షన్ వెతికి పెడితే దానికి కావాల్సిన ఇంకో లైబ్రరీ దగ్గర మళ్లీ ఎర్రర్. బయట ఊళ్లో ఉన్నప్పుడు ఇంటి బోర్డుని చూసుకోడానికి వైర్‌గార్డ్ వీపీఎన్ పెడదామనుకున్నాను. అది లైనక్స్ కర్నెల్లో భాగమైంది 5.6 వెర్షన్లో, 2020 మార్చిలో. పాత కర్నెల్‌కి విడిగా మాడ్యూల్ తయారు చేసుకోవచ్చు గానీ, దానికి ఆ కర్నెల్ హెడర్ ఫైళ్లు కావాలి. ఆ ఫోల్డర్లో అవి లేవు, సోర్స్ కోడ్ కూడా లేదు. కర్నెల్‌ని బైనరీగా పంచేవాడు సోర్స్ ఇవ్వాలని లైనక్స్‌కి వర్తించే జీపీఎల్ లైసెన్సు చెప్తుంది. ఆ మాట అడిగితే అమ్మినవాళ్లకి నేనేదో వేరే భాష మాట్లాడుతున్నట్టు ఉంది.

దీన్ని ఇంటి వైఫైలో పెట్టి వదిలేయడం ఇంకా ప్రమాదం. నా బోర్డులో రూట్ (పూర్తి అధికారాలున్న ఖాతా) పాస్‌వర్డ్ ముందే పెట్టి ఉంది, దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ ఆన్‌లో ఉంది. ఆ ఫోల్డర్ దొరికిన ఎవరికైనా ఆ పాస్‌వర్డ్ తెలుసు. పాస్‌వర్డ్ అయితే మార్చుకోవచ్చు. చిప్ కంపెనీలు ఇచ్చే పాత కర్నెల్స్‌లో ఇంకా ఏముంటుందో తెలియాలంటే 2016లో బయటపడ్డ సంగతి చూడండి. ఆల్‌విన్నర్ చిప్‌ల కోసం ఇచ్చిన 3.4 కర్నెల్లో డీబగ్గింగ్ కోసం పెట్టిన ఒక తలుపు తెరిచే ఉండిపోయింది. ‘ప్రాక్’ అనే సిస్టమ్ ఫోల్డర్ కింద ఉన్న ఒక ఫైల్‌లోకి ‘రూట్‌మైడివైస్’ అన్న మాట పంపితే చాలు, ఏ మామూలు ప్రోగ్రామైనా రూట్ అయిపోతుంది. ఎవరో ఆ సోర్స్ చదవబట్టి అది దొరికింది. నా బోర్డు చిప్ వేరు. కానీ సోర్సే ఇవ్వని కర్నెల్లో ఏముందో చూసేదెవరు?

దీని పక్కన రాస్ప్‌బెర్రీ పైని పెట్టి చూడండి. మొదటి పై 2012 ఫిబ్రవరి 29న, 35 డాలర్లకి వచ్చింది. 2023లో వచ్చిన, ‘బుక్‌వార్మ్’ అనే లైనక్స్ వెర్షన్ ఆధారిత 32-బిట్ ఓఎస్ ఆ మొదటి మోడల్ మీద కూడా నడుస్తుంది. నెమ్మదిగానే, కానీ నడుస్తుంది, అప్‌డేట్లూ వస్తాయి. పైకి మనం ఎక్కువ ఇచ్చే డబ్బు చాలావరకు దీనికే. (పై వాళ్లదీ అంతా సాఫీగా ఏం జరగలేదు. 2019లో వచ్చిన పై 4 మొదటి బోర్డుల్లో యూఎస్‌బీ-సీ సర్క్యూట్ తప్పు వల్ల కొన్ని ఖరీదైన కేబుళ్లతో కరెంటే వచ్చేది కాదు. కానీ ఒప్పుకున్నారు, తర్వాతి బోర్డుల్లో సరిచేశారు.)

వేడి గురించి కొంచెం. ఇందులో ఉన్నది టీవీ బాక్సుల కోసం చేసిన పాత నాలుగు కోర్ల చిప్. 1.5 గిగాహెర్ట్జ్ అని రాశారు. మే నెల మధ్యాహ్నం ఆ ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి నాలుగు కోర్లకీ పనిస్తే కాసేపట్లోనే వేగం సగానికి పడిపోయి, తర్వాత రెండు కోర్లు వాటంతటవే ఆగిపోయాయి. డబ్బాకి గాలి పోయే రంధ్రాలు లేవు, కిట్‌లో హీట్‌సింక్ (చిప్ వేడిని లాగేసే లోహపు ముక్క) లేదు. పై కూడా 80 డిగ్రీలు దాటితే వేగం తగ్గించుకుంటుంది, అది చిప్‌ని కాపాడే ఏర్పాటే. కానీ మన ఎండల్లో ఖాళీగా ఉన్నప్పుడే ఆ గీత దగ్గర్లో తిరిగే బోర్డు మేడ మీద పెట్టడానికి పనికిరాదు.

40 పిన్నులు పై లాగే ఉన్నాయి కాబట్టి అన్నీ అలాగే పనిచేస్తాయనుకోవద్దు. వరుస అదే, పిన్నుల వెనక చిప్ వేరు, నంబర్లు వేరు. పై కోసం రాసిన జీపీఐఓ (ఈ పిన్నుల్ని నడిపే) లైబ్రరీలు చాలావరకు నేరుగా నడవవు. అమ్మినవాళ్లు ఇచ్చిన పిన్ బొమ్మ ఏకంగా పై బొమ్మనే తెచ్చి అతికించింది. దాన్ని నమ్మి రిలే తగిలిస్తే ఏ పిన్ ఆన్ అవుతుందో దేవుడికే తెలియాలి. మోటారు స్టార్టర్‌తో ఆడుకునే వైర్లు కాబట్టి ముందు ఎల్‌ఈడీ పెట్టి ఒక్కో పిన్నూ చూడటం మంచిది. ఇంకోటి, పైకీ వర్తించేదే: ఈ పిన్నులు 3.3 వోల్టులవి. హెచ్‌సీ-ఎస్‌ఆర్04 లాంటి అల్ట్రాసోనిక్ సెన్సర్ ‘ఎకో’ వైరు 5 వోల్టులు పంపుతుంది. మధ్యలో రెండు రెసిస్టర్లతో వోల్టేజ్ తగ్గించకుండా కలిపితే పిన్ కాలిపోవచ్చు, అప్పుడు వారంటీ అడగడానికి కూడా ఉండదు. కెమెరా సాకెట్ ఉంది గానీ డ్రైవర్ లేదు.

కిట్‌లో మిగిలిన సామాను గురించి ఎక్కువ చెప్పను. అడాప్టర్ మీద 5 వోల్టులు 3 ఆంపియర్లు అని ఉంది. యూఎస్‌బీ మీటర్ పెడితే లోడ్ పడగానే నాలుగున్నరకి దిగింది. పోలికకి చెప్తున్నా, పై బోర్డులు 4.63 వోల్టుల దగ్గరే ‘కరెంటు చాలడం లేదు’ అని హెచ్చరిస్తాయి. ఇలాంటి అడాప్టర్లకి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి, మీద ‘ఆర్’తో మొదలయ్యే నంబర్ ఉండాలి, బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. దీని మీద లేదు. మెమరీ కార్డుని ఎఫ్3 అనే ఉచిత టూల్‌తో పరీక్షించాను, రాసుకున్న సైజులో పావు వంతే నిజం. విండోస్ వాడేవాళ్లు ఇదే పనికి హెచ్2టెస్ట్‌డబ్ల్యూ వాడొచ్చు. కార్డు ఎక్కడ కొన్నా ఈ పరీక్ష చేయకుండా అందులో ఏమీ పెట్టకండి.

చవక బోర్డులన్నీ మోసమే అనడం లేదు. సగం ధరకి బాగా నడిచేవి ఉన్నాయి. తేడా తెలుసుకోడానికి నేనిప్పుడు మొదట చూసేది ఆర్మ్‌బియన్ వెబ్‌సైటు. చిన్న బోర్డులకి డెబియన్, ఉబుంటు ఇమేజ్‌లు తయారు చేసే ప్రాజెక్టు అది. మీరు కొనబోయే బోర్డు పేరు అక్కడ ఉందా? ఉంటే పూర్తి మద్దతు జాబితాలో ఉందా, ‘కమ్యూనిటీ’ కింద ఉందా? ఇమేజ్ చివరిసారి ఎప్పుడు వచ్చింది, కర్నెల్ నంబర్ ఎంత? పేరే లేకపోతే నా సలహా ఒకటే, ధర ఎంత తక్కువున్నా వదిలేయండి. బోర్డు పేరుకి బదులు ‘స్మార్ట్ డెవలప్‌మెంట్ బోర్డ్ ప్రో’ లాంటి గాలి పేరు ఉంటే అసలు వెతకడానికే వీలుండదు, బహుశా అందుకే అలా పెడతారు.

కంపెనీ నిజాయితీగా ఉన్నా చవకలో ఇంకో ప్రమాదం ఉంది. 2015లో జనం దగ్గర ముందే డబ్బు సేకరించే కిక్‌స్టార్టర్ సైటులో ‘9 డాలర్ల కంప్యూటర్’ అని ‘చిప్’ అనే పేరున్న బోర్డు వచ్చింది, అమెరికాలోని నెక్స్ట్ థింగ్ కంపెనీది. 512 మెగాబైట్ల ర్యామ్, 4 జీబీ స్టోరేజ్, వైఫై, అన్నీ బోర్డు మీదే. జనం 20 లక్షల డాలర్లకి పైగా కట్టారు. బోర్డులు వచ్చాయి, బాగానే పనిచేశాయి. 2018లో కంపెనీ మూతపడింది. ఓఎస్ ఎక్కించే టూల్ వాళ్ల వెబ్‌సైటు మీదే ఆధారపడి ఉండేది, సైటు పోయాక అదీ పోయింది. ముందుచూపుతో ఫైళ్లు దాచిపెట్టిన వినియోగదారుల పుణ్యాన ఆ బోర్డులు ఇప్పటికీ బతుకుతున్నాయి.

నా పని చివరికి ఎలా అయిందో చెప్తాను. ట్యాంకు, మోటారుకి లైనక్స్ బోర్డు అవసరమే లేదు. ఐదు వందల లోపు దొరికే ఈఎస్‌పీ32 అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు వైఫైతో సహా ఆ పని చేస్తోంది, కరెంటు పోయి వచ్చినా కార్డు పాడయ్యే భయం లేదు. పై-హోల్‌కి సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో వాడేసిన ఆఫీసు మినీ పీసీ ఒకటి, ఆన్ చేయించి, ర్యామ్ చూసుకుని మరీ తెచ్చాను. కరెంటు కొంచెం ఎక్కువ తింటుంది, నిజమే. లైనక్స్, పిన్నులు రెండూ ఒకే బోర్డులో కావాలంటే మాత్రం పై జీరో 2 డబ్ల్యూ చూడండి. అదీ 512 మెగాబైట్లే, కానీ ఆ సంగతి ముందే చెప్పి అమ్ముతారు. రాస్ప్‌బెర్రీ పై వెబ్‌సైటులో దేశాలవారీగా ఆమోదించిన షాపుల జాబితా ఉంది, అక్కడి నుంచే కొనండి.

ఇప్పటికే ఇలాంటి కిట్‌తో ఇరుక్కున్నవాళ్లకి: “బోర్డు ఆన్ అవుతోంది కదా సార్, డిఫెక్ట్ కాదు, రిటర్న్ లేదు” అంటారు. ఒప్పుకోకండి. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం, ప్రకటించిన లక్షణాలు లేని వస్తువుని వెనక్కి తీసుకోనని, డబ్బివ్వనని అమ్మకందారు అనడానికి లేదు. ఆ షాపింగ్ సైటు ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో మీ ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. అప్పటికీ కదలకపోతే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. మీరుండే జిల్లాలోనే వేయొచ్చు, 5 లక్షల లోపు విలువకి ఫీజు లేదు.

ఫిర్యాదుకి ముందే లిస్టింగ్ మొత్తం స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి, పేరు, బొమ్మలు, వివరాలు, తేదీతో సహా. నేను ఫిర్యాదు పెట్టాక ఆ లిస్టింగ్‌లో ‘4 జీబీ’ తీసేసి ‘హై స్పీడ్ ర్యామ్’ అని మార్చారు. ఇంకా అమ్ముతూనే ఉన్నారు. నా డబ్బు ఇంకా రాలేదు, 1915లో ఇచ్చిన డాకెట్ నంబర్‌తో కేసు నడుస్తోంది.