టక్‌మంటే మూసుకున్నట్టేనా? వంటింటి బేబీ గేటు, ఏడాది పైన వాడాక

ఈ గేటు మీద నాకున్న ప్రేమంతా ఒక్క చప్పుడు మీదే. తెరిచి ఇవతలికి వచ్చేస్తే చాలు, అది మెల్లగా వెనక్కి తిరిగి తనంతట తానే గొళ్లెం పడి 'టక్' మంటుంది. హాల్లో కూర్చుని కేకు డబ్బాలకు రిబ్బన్లు కడుతున్నా, ఫోన్లో ఆర్డరు రాసుకుంటున్నా ఆ టక్ వింటే చాలు. చిన్నది వంటింట్లోకి పోలేదులే అని భుజాలు దిగుతాయి. చంటిపిల్లలున్న ఇంట్లో వేడి ఓవెను నడిపేవాళ్లకే తెలుస్తుంది ఆ సుఖం.

కొలతలూ రంగులూ పెట్టె మీదే ఉంటాయి, వాటి జోలికి పోను. గోడకు చిల్లులు వేయకుండా, నాలుగు మూలలా మరలు తిప్పి గుమ్మానికి బిగించే రకం ఇది. అంతవరకు తెలిస్తే చాలు.

నేను కావలిలో ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతాను. మా వంటిల్లు పాతకాలపుది, ఇరుకు. గట్టు మీద పొయ్యి, గ్రైండరు, మిక్సీ పోను జానెడు చోటు మిగలదు. 16 ఆంపియర్ల ప్లగ్గు ఉన్నది ఒక్క మూలనే, అదీ కింద. కేకులు కాల్చే కరెంటు ఓవెన్ని, అదే 2000 వాట్ల ఓటీజీని, ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద నడపొద్దని ఎలక్ట్రీషియను ఖరాఖండిగా చెప్పాడు. గోడకు కడప బండ నిలిపి పైకెక్కిద్దామంటే అది సున్నం గోడ, తొలిస్తే రాలిపోయే రకం. అందుకని ఓటీజీ ఆ మూలనే చెక్క బల్ల మీద ఉండిపోయింది. ఆ ఎత్తుకి దాని గాజు తలుపు సరిగ్గా నడక నేర్చుకునే బిడ్డ ముఖానికి ఎదురుగా వస్తుంది. లోపల దీపం, ఎర్రగా కాలే రాడ్లు, నెమ్మదిగా పొంగే కేకు. ఆ వయసుకి అంతకన్నా మంచి టీవీ ఏముంటుంది?

గోడలో అమర్చే పెద్ద ఓవెన్ల తలుపుల్లో రెండు మూడు పొరల గాజు ఉంటుంది కాబట్టి బయటి గాజు కాస్త నయం. మన ఇళ్లల్లో వాడే ఓటీజీలకు చాలావాటికి ఒకటే గాజు, పైనా పక్కలా పలచటి రేకు. మా మరిది ఏసీలు బాగుచేస్తాడు. దూరం నుంచే వేడి చూసే థర్మామీటరు తెచ్చి, 200 డిగ్రీల్లో బ్రెడ్డు కాలుతుండగా పెట్టి చూశాడు. గాజు నడుమ 100 దాటింది, పై రేకు ఇంకా ఎక్కువ. 60 డిగ్రీల నీళ్లు 5 సెకన్లు తగిలితే పెద్దవాళ్ల చర్మమే లోతుగా కాలుతుంది. పిల్లలది ఇంకా పలచన. పైగా మనకు చురుక్కుమంటే చెయ్యి లాగేస్తాం. నడక నేర్చే బిడ్డ ఊతం కోసం రెండు అరచేతులూ ఆనించి నిలబడుతుంది. కాలినా చప్పున వెనక్కి తీసుకోవడం దానికి చేతకాదు. ఈ వయసు పిల్లలకు ఎక్కువగా అరచేతులే కాలేది ఇందుకే.

కేకు అయిపోయి టైమరు 'టింగ్' మన్నాక ఇంకో గండం ఉంది. రాడ్లు ఎరుపు తగ్గుతాయి, దీపం ఆరిపోతుంది, చూసేవాళ్లకు అంతా చల్లబడినట్టే ఉంటుంది. గాజు మాత్రం మా ఓటీజీకి అరగంట దాటినా చెయ్యి పెట్టనివ్వదు. ఇక తలుపు కిందికి వాల్చి ఉన్నప్పుడు సంగతి సరేసరి. బిడ్డ దాని మీద బరువు వేస్తే తేలికపాటి ఓటీజీ ట్రేతో సహా ముందుకు ఒరుగుతుంది.

మొదట తలుపుకి అంటించే ప్లాస్టిక్ లాకు తెప్పించా. దాని గురించి రెండు ముక్కలు చాలు. అది తలుపు తెరవకుండా ఆపుతుంది, తాకకుండా ఆపదు. రెండు మూడు కేకులు పెట్టేసరికి జిగురు కారిపోయి, ఆ కమురు వాసన ఒక బటర్ కేకుకి కూడా పట్టింది. ఆ ఆర్డరు మళ్లీ చేసిచ్చా.

అప్పుడొచ్చింది ఈ గేటు. ఓటీజీకి దారినే కట్టేస్తే గాజు ఎంత కాలితే మాకేం అన్నది మా ఆయన లెక్క. లెక్క మంచిదే. అయితే ఇది తయారుచేసినవాళ్లు ఇళ్లకు గడపలుంటాయని ఊహించినట్టు లేదు. చదునైన నేల మీద నిలబెట్టమని కాగితంలో బొమ్మ వేశారు. మా వంటింటికి రెండంగుళాల ఎత్తు గడప. గేటు చట్రానికి కింద అడ్డంగా ఒక పట్టీ ఉంటుంది, అది గడప మీద కూర్చుంది. అంటే వంటింట్లోకి పోవాలంటే గడపా దాటాలి, పట్టీ కూడా దాటాలి. అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు. మొదటి రోజే, "ఏందమ్మా ఇది, నా వంటింట్లోకి నేనే కాలెత్తి దూకాల్నా?" అంది. పాపం, న్యాయమే.

అయినా చెప్తున్నా, మొదటి నెలల్లో దీన్ని చూసి మురిసిపోని రోజు లేదు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ల చేతా ఒకసారి తెరిపించి 'టక్' వినిపించేదాన్ని. మా చెల్లెలు నెల్లూరు నుంచి వచ్చి చూసి ఆర్డరు పెట్టుకుంది. చిన్నది కడ్డీలు పట్టుకుని నిలబడి లోపలికి చూస్తూ ఊగేది, గేటు కదిలేది కాదు. ఆ దశలో అడిగి ఉంటే ఐదుకి ఐదు నక్షత్రాలు ఇచ్చేదాన్ని.

ఇక అసలు సంగతికొస్తా. డిసెంబరు, క్రిస్మస్‌కి ముందు వారం. మా వైపు ప్లమ్ కేకులకు ఏడాది మొత్తం మీద ఎక్కువ గిరాకీ అప్పుడే. ప్లమ్ కేకు సన్నటి సెగ మీద గంటకు పైన కాలాలి, ఒకటి తీస్తే ఇంకొకటి పెట్టడమే. పొద్దుటి నుంచి ఓటీజీ ఆగలేదు. మధ్యాహ్నం నేను హాల్లో డబ్బాల మీద పేర్లు రాస్తున్నా. అత్తయ్య మంచినీళ్లకు లోపలికెళ్లి వచ్చింది. నేను తల కూడా ఎత్తలేదు, ఎందుకంటే 'టక్' వినిపించింది. స్పష్టంగా.

కాసేపటికి పెద్దోడి అరుపు. "అమ్మా, చెల్లి లోపలుండాది! తాకబాకే, తాకబాక!"

పరుగెత్తి చూస్తే గేటు మూసే ఉంది. చిన్నది మాత్రం లోపల ఉంది. ఓటీజీకి మూరెడు దూరంలో, చేతిలో గరిటెతో, తల వంచి రాడ్లకేసి చూస్తోంది. పెద్దోడు గేటు పై నుంచి వంగి ఎలా అందుకున్నాడో, గౌను వెనక కొస పట్టుకుని లాగి పెట్టుంచాడు. వాడికోసం బల్ల చుట్టూ నేల మీద ఎర్ర టేపు అంటించాం, గీత దాటితే కాలుతుందని ఎప్పుడో చెప్పాం. ఆ టేపు ఖరీదు ఎంతో కూడా గుర్తులేదు. ఇంట్లో నిజంగా పనిచేసింది అదే. నాలుగేళ్లు దాటిన పిల్లలుంటే ముందు ఆ గీత గీయండి, ఏడాది పిల్లలకు మాత్రం అది ఉత్త రంగు.

బిడ్డను ఎత్తుకుని, ఓటీజీ ఆపి, అప్పుడు గేటు వైపు చూశాం. పై గొళ్లెం పడే ఉంది, 'టక్' అబద్ధం చెప్పలేదు. కానీ ఈ గేటుకి తాళం రెండు చోట్ల. పైన గొళ్లెం, కింద ఒక చిన్న మేకు వచ్చి పట్టీలోని గాడిలో కూర్చోవాలి. చప్పుడు చేసేది పైది ఒక్కటే. కింద చట్రం అంగుళం పక్కకు జరిగిపోయి, మేకు గాడిలో పడకుండా గాల్లో ఉంది. పై మూల గట్టిగా ఉన్నా కింది మూల తోస్తే లోపలికి వంగుతోంది. చిన్నది నేల మీద కూర్చుని రెండు కాళ్లతో తన్ని, ఆ సందులోంచి పాకింది. పెద్దవాళ్లం పై నుంచి ఊపి చూస్తాం, గట్టిగానే ఉంటుంది. పిల్లలు తోసేది కింద.

చట్రం ఎందుకు జరిగిందో వెతికితే ద్వారబంధం అడుగున పసుపు. శుక్రవారం శుక్రవారం అత్తయ్య గడపకు పసుపు రాసి బొట్లు పెడుతుంది, అది పక్క చెక్క మీదికి కూడా నాలుగు వేళ్ల మేర ఎక్కుతుంది. సరిగ్గా అక్కడే గేటు రబ్బరు బిళ్లలు ఆనేది. బిగువు మీద మాత్రమే నిలబడే వస్తువుకి తడి పసుపు మీద పట్టు ఏముంటుంది? దానికి తోడు రోజంతా తెరవడం, మూయడం. ఆ అదురుకి మరలు వాటంతట అవే కొద్దికొద్దిగా వదులవుతాయి. వానాకాలంలో ఉబ్బిన చెక్క ఎండలకు సన్నబడినప్పుడూ అంతే.

అమ్మినవాళ్లకు ఫోన్ చేశా. పెట్టెలో ఇచ్చిన నాలుగు ప్లాస్టిక్ గిన్నెల్ని స్క్రూలతో చెక్కకు కొట్టి, బిళ్లల్ని వాటిలో కూర్చోబెట్టాలన్నారు. మరి పెట్టె మీద 'చిల్లులు అక్కర్లేదు' అని అంత పెద్దక్షరాలతో ఎందుకు వేశారని అడిగితే, "అది గోడకు మేడమ్" అన్నారు. నాకు ఈ గేటు మీదున్న కోపమంతా ఆ ఒక్క జవాబు మీదే.

వడ్రంగి రావాల్సొచ్చింది. అత్తయ్య దగ్గరుండి, "గడప జోలికి రాబాక నాయనా, పక్క చెక్కకు కొట్టుకో" అని చూపించింది. గిన్నెలు బిగించాక కింద కదలిక పోయింది. పసుపు ఇప్పుడు గడప మధ్య వరకే, పక్కలకు ముగ్గు. ఈ రాజీ ఆవిడ సూచనే. అప్పట్నుంచి నేను 'టక్' విన్నా సరే, ఓటీజీ వేసే ముందు కింది మూలను ఒకసారి కాలితో నెట్టి చూస్తా.

ఇంత జరిగాక పాత పొగడ్తల్ని కాస్త సవరించుకోవాలి. తనంతట తానే మూసుకుంటుందన్నానా, అది సగం తెరిచినప్పుడే. బారుగా తెరిస్తే అలాగే నిలబడిపోతుంది. సామాన్లు మోసుకునేటప్పుడు వీలుగా ఉండాలని అలా పెట్టారట. గ్యాసు అబ్బాయి వచ్చి వెళ్లిన ప్రతిసారీ అది బార్లా తెరిచే ఉంటుంది. సముద్రపు గాలికో ఏమో స్ప్రింగు తుప్పు పట్టింది, ఇప్పుడు మూసుకోవడం కూడా ముసలితనం మీద పడింది. కుట్టుమిషను నూనె చుక్క వేస్తే వారం పది రోజులు చురుగ్గా ఉంటుంది. ఒక చేత్తోనే తెరవొచ్చు అన్నది నిజమే, ఆ చెయ్యి పొడిగా ఉంటే. వెన్న పూసుకున్న వేళ్లతో ఆ మీట జరపడం అవదు. వేడి ట్రే పట్టుకుని ఆ పట్టీ దాటడమంటే నాకు ఇప్పటికీ భయం, అందుకే కేకు చల్లారే దాకా లోపలే ఉంచుతున్నా.

వయసు సంగతి కూడా చూసుకోండి. ఐరోపాలో ఈ గేట్ల ప్రమాణం ఈఎన్ 1930, అది 24 నెలల లోపు పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని రాసింది. మా చిన్నదానికి రెండేళ్లు దాటాయి, మొన్న స్టూలు ఈడ్చుకొచ్చి గేటు పక్కన వేసుకుంది. మిద్దె మెట్ల పైభాగంలో మాత్రం ఈ బిగింపు రకం పెట్టకండి, ఊడితే బిడ్డతో సహా కిందికి పోతుంది. మెట్లకు స్క్రూలతో గోడకు కొట్టే రకమే వాడాలి.

గేటున్నా చెయ్యి కాలే రోజు రావచ్చు. కాలిన చోట 20 నిమిషాలు చల్లటి నీళ్లు ధారగా పోయాలి, గాజులు, మొలతాడు లాంటివి వాపు రాకముందే తీసేయాలి. ఐసు వద్దు. పేస్టు, పసుపు, సిరా, కోడిగుడ్డు సొన ఏవీ వద్దు, బొబ్బలు చిదమొద్దు. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి, అరచెయ్యి కాలితే చిన్నదని ఇంట్లో ఉంచుకోవద్దు. మన జిల్లాలో ఇంకో చిక్కుంది. మే నెల మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నీళ్లు కొళాయి తిప్పితే పొగలు కక్కుతాయి. కాలిన చేతిని ఆ ధార కింద పెడితే ఇంకేముంది? అందుకే ఓటీజీ వేసే రోజుల్లో వంటింట్లో నీడన రెండు బిందెల నీళ్లు నింపి, చెంబు పక్కన పెట్టుకుంటున్నా.

కొనమంటారా అని అడిగేవాళ్లకు ఒకే జవాబు చెప్పలేను. ఓటీజీని గట్టు మీద లోపలికి జరిపి పెట్టే చోటు మీకుంటే గేటు అక్కర్లేదు, ఆ డబ్బుతో ప్లగ్గు పైకి వేయించుకోండి. వంటింటికి తలుపుండి, గడియ పైన ఉంటే అదే చాలు. హాలూ వంటిల్లూ కలిసిపోయిన ఫ్లాటు అయితే ఇది పెట్టడానికి గుమ్మమే ఉండదు. మాలాగా పాత ఇల్లు, తలుపు లేని గుమ్మం, కింద ప్లగ్గు, పాకే బిడ్డ ఉంటే తీసుకోండి, కానీ కొన్న రోజే వడ్రంగిని కూడా పిలవండి. ఇంట్లో మోకాళ్ల నొప్పులవాళ్లుంటే కింద పట్టీ లేని రకం వెతకండి. అవి స్క్రూలతో కొట్టేవి, కాస్త ఖరీదు.

మూడున్నర నక్షత్రాలు ఇస్తున్నా. అత్తయ్య ఒకటే అంటోంది, నేను ఒప్పుకోలేదు. మా తోడికోడలికి ఆషాఢంలో కాన్పు, గేటు తనకిమ్మని ఇప్పట్నుంచే అడుగుతోంది. ఇస్తాను, నాలుగు గిన్నెలూ స్క్రూలూ కవర్లో వేసి గేటుకే కట్టి మరీ.