పొగమంచుకి మంచు బ్లేడు అంటగట్టాడు

భోగికి రాజమండ్రి నుంచి కోనసీమ కార్లో వెళ్ళొచ్చాం. మూడు రోజుల్లో నేను మోసపోయింది హోటల్లో కాదు, వైపర్ల దగ్గర.

ముందురోజు సాయంత్రం యాక్సెసరీస్ షాపులో, "తెల్లారుజామున మంచు బాగా పడుతోందండీ, వైపర్లు గీతలు వదుల్తున్నాయి" అన్నాను. "ఆయ్, మంచుకైతే ఇవేనండి, అమెరికాలో ఇవే వాడతారు" అంటూ, ఒళ్ళంతా నల్లటి రబ్బరు తొడుగున్న జత తగిలించాడు. 1,450 రూపాయలు. బిల్లడిగితే ప్రింటర్ పాడైందన్నాడు.

పొద్దున్నే అయిదింటికి బయల్దేరాం. రావులపాలెం దాకా బాగానే ఉంది. కొత్తపేట దాటాక ముందున్న అరటిగెలల ఆటో ఎర్రలైటు తప్ప ఏమీ కనపడలేదు. వైపర్ వేశాను. టక్‌మని రెండు బ్లేడ్లూ మధ్యలో కొట్టుకుని, ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి! పక్కన కాలువ. మా ఆవిడ అంతర్వేది నరసింహస్వామిని అక్కడినుంచే మొక్కేసింది.

పండక్కొచ్చి మాతోనే కార్లో ఉన్న మా బావ, అమెరికాలో మినెసోటాలో ఉంటాడు. ఫోన్ లైటు వేసి చూసి ఒకటే నవ్వు. "ఇవి నిజంగానే అమెరికా మంచువిరా. మామూలు ఫ్రేము కీళ్ళలో మంచు దూరి గడ్డకడితే బ్లేడు వంగదు, అద్దాన్ని అంటదు. అందుకే ఈ తొడుగు. రాత్రిళ్ళు వైపర్లు పైకెత్తి ఉంచుతాం, లేకపోతే అద్దానికి అతుక్కుపోతాయి. ఇక్కడ నీళ్ళెప్పుడు గడ్డకట్టాయి?" పైగా మా బండికి డ్రైవర్ వైపు 22 అంగుళాలది కావాలి, షాపువాడు పెట్టింది 24. పక్క బ్లేడు పీకేసి, ఉత్త చేయి అద్దాన్ని గీకకుండా కర్చీఫు చుట్టి, ఇరవై స్పీడులో వెళ్ళాం.

అంబాజీపేటలో పొట్టిక్కలు దొరికాకే అందరి మూడూ మారింది. పనసాకు బుట్టలో ఉడికిన ఆ ఇడ్లీకి ఆకు వాసనే సగం రుచి. నలుగురికీ 180. అమలాపురంలో ఒక మెకానిక్ కీళ్ళే లేని ఫ్లాట్ బ్లేడ్లు, సరైన సైజువి, 680కి వేశాడు. వాటి రబ్బరు అంచుని తడిగుడ్డతో తుడిస్తే దుమ్ము, నల్లమరక వచ్చేశాయి. "పాతవీ ఇలా తుడుచుకుంటే ఇంకో నెల వచ్చేవండి" అన్నాడు. మనకి రబ్బరుని చంపేది చలి కాదు, ఎండ. ఇంకోటి, వైపర్ వేస్తే మసక పోయిందంటే అది అద్దం బయట ఉన్నట్టు. ఏసీ చల్లదనం తగ్గించాలి. పోలేదంటే లోపల ఉంది, ఏసీ గాలి అద్దం మీదకి తిప్పాలి.

దిండిలో గది 3,200, గోదావరి ఎదురుగానే, దోమలు కూడా. అంతర్వేది దర్శనం గంటలో అయిపోయింది.

తిరిగొచ్చి అడిగితే, వాడినవి వెనక్కి తీసుకోనంటూ షాపువాడు ఒక సెంటు డబ్బా చేతిలో పెట్టాడు. బావ కారుకి 24దే సరిపోతుందిట, సూట్‌కేసులో ఆవకాయ సీసాల పక్కన సర్దుకున్నాడు. 1,450 అడుగుదామంటే, "పండక్కొచ్చిన అల్లుణ్ణా?" అని అమ్మ నా మీదకి లేచింది.