కోటిలింగాల రేవులో నాస్తికుడి తర్పణం

రాజమండ్రిలో తద్దినాలు, తర్పణాలు ఫోన్ మీద ఏర్పాటు చేసిపెట్టే సర్వీసు ఒకటి వాడాను. పేరు రాయడం లేదు, ఎందుకో చదివితే తెలుస్తుంది.

మా నాన్న దేవుణ్ణి నమ్మేవాడు కాదు. గోరా గారు 1940లో ముదునూరులో మొదలుపెట్టి, 1947లో విజయవాడ పటమటకు తరలించిన నాస్తిక కేంద్రం చుట్టూ వయసులో ఉండగా తెగ తిరిగిన మనిషి. నేనూ ఆ బాపతే, డిగ్రీలోనే జంధ్యం తీసేశాను. ఈ భాద్రపదంలో అమ్మ పట్టుబట్టింది. "మహాలయ పక్షాలు వెళ్ళిపోతున్నాయిరా. ఆయన నమ్మకపోతేనేం, నేను నమ్ముతున్నాగా" అంది. ఏం చెప్పను?

ఫోన్‌లో అన్నీ కలిపి మూడు వేలన్నారు. రేవులో మునిగి లేచాక "స్వయంపాకం వేరండి" అని, అంటే బ్రాహ్మడికిచ్చే బియ్యం, పప్పు, కూరలకని, ఇంకో పన్నెండు వందలు. తడిబట్టలతో వణికేవాడు బేరమాడడని వాళ్ళకు బాగా తెలుసు. రసీదు అడిగితే నవ్వారు.

పంతులుగారు మాత్రం బంగారం. నేను నోరు ఊరుకోక, "ఇక్కడ పెట్టింది అక్కడికి చేరేట్టయితే, ఊరెళ్ళేవాడికి అన్నం మూటెందుకండీ? ఇంట్లో ఎవరికో పెడితే సరిపోదూ?" అన్నాను. పరలోకం లేదన్న పాతకాలపు చార్వాకుల మాట, నాన్న తరచూ అనేవాడు. ఆయన దర్భ పవిత్రం ముడేస్తూనే, "రామాయణంలో జాబాలి మహర్షి రాముడితో అన్నదీ ఇదే బాబూ. అయోధ్యాకాండ, నూట ఎనిమిదో సర్గ. రాముడికి కోపమొచ్చింది. నాకు రాదులెండి, చెయ్యి చాపండి" అన్నారు. ఇంటికొచ్చి తీసి చూశాను. ఉంది.

నాన్న వసురూపం, తాత రుద్రరూపం, ముత్తాత ఆదిత్యరూపం. ముత్తాత పేరు తెలియక అక్కడి నుంచే అమ్మకు ఫోన్ చేశాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యగా నీళ్ళు వదులుతుంటే నల్లనువ్వులు సగం అరచేతికే అంటుకుపోయాయి. ఒక్కో మంత్రానికీ అర్థం చెప్పారాయన. తల్లీ తండ్రీ చుట్టాలూ ఎవరూ లేనివాళ్ళకు కూడా ఒక తర్పణం ఉందట. ఆఖరున, మన వంశంలో పుట్టి పిల్లల్లేకుండా పోయినవాళ్ళకు తడిగుడ్డ పిండిన నీళ్ళు. మా చిన్నబాబాయి పంతొమ్మిదేళ్ళకే కామెర్లతో పోయాడు. నాకు పరలోకం మీద నమ్మకం ఇప్పటికీ లేదు, ఆ పంచె కొంగు మాత్రం గట్టిగానే పిండాను.

కాకి ఒక్కటీ రాలేదు. మెట్ల మీద తిరిగే ఆవు వచ్చి పిండాలు తినేసింది. సాయంత్రం అమ్మకు భయపడుతూనే చెప్పాను. "ఆవైతే మరీ మంచిది, మీ నాన్నకి పాలంటే ప్రాణం" అంది.

పంతులుగారికి ఐదు స్టార్లు, సర్వీసుకు రెండు. వెళ్ళేవాళ్ళు మొత్తం ఎంతో ముందే వాట్సాప్‌లో రాయించుకోండి. పొడి పంచె మీదే పట్టుకెళ్ళండి, వాళ్ళిచ్చేది దోమతెరలా ఉంటుంది.