మోంట్‌సెరాట్ బోల్డ్: 2016 నుంచి బోర్డుల మీద వాడి చెప్తున్న మాట

కడప ఏడు రోడ్ల దగ్గర మాది బోర్డుల షాపు. ఫ్లెక్సీలు, వినైల్ స్టిక్కర్లు, లోపల ఎల్‌ఈడీ పెట్టే యాక్రిలిక్ అక్షరాలు చేస్తాం. "దూరం నుంచి కనపడాలన్నా, అంతే" అంటూ వచ్చే గిరాకీయే ఎక్కువ. అలాంటి వాళ్ల ఇంగ్లీషు పేర్లకు తొమ్మిదేళ్లకు పైగా నేను తెరిచే ఫాంటు మోంట్‌సెరాట్ బోల్డ్.

దీని పుట్టుకే బోర్డుల్లోంచి. అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరిస్‌లో మోంట్‌సెరాట్ అనే పేట ఉంది. అక్కడి పాత బోర్డులు, పోస్టర్ల మీది అక్షరాలు చూసి జూలియెటా ఉలనోవ్‌స్కీ గీశారు. ఉచితం, వ్యాపారానికి వాడినా పైసా కట్టక్కర్లేదు.

పెద్ద ఓ చూడండి, దాదాపు కంపాస్‌తో తిప్పినట్టుంటుంది. గీతలన్నీ కంటికి ఒకే మందం, చివర్లలో తోకలుండవు. వినైల్ కోసి అక్కర్లేని ముక్క పీకేటప్పుడు ఈ విలువ తెలుస్తుంది: సన్న మూలలు లేవు గనక ఎక్కడా చిరగదు. యాక్రిలిక్ అక్షరంలో ఎల్‌ఈడీలు సర్దడానికీ గీతలో చోటుంటుంది. తొమ్మిది మందాల్లో వస్తుంది కానీ అన్నిటికన్నా లావైన బ్లాక్ జోలికి నేను పోను. రాత్రి లైటు వేస్తే చిన్న ఈ, ఏ అక్షరాల బొక్కలు పూడుకుపోయినట్టు కనిపిస్తాయి.

అక్షరాలు బాగా వెడల్పు, అదే పేచీ. పొడుగు పేరు పది అడుగుల బోర్డులో పట్టించాలంటే ఎత్తు తగ్గించాలి, తగ్గిస్తే దూరం నుంచి కనపడదు. 2005లో మా ఊరి ఇంగ్లీషు స్పెల్లింగు ఎనిమిది అక్షరాల నుంచి ఆరుకు దిగింది, ఈ ఫాంటుకు అదొక మేలు! ఇంకోటి, ఇల్లూరు అనే ఊరి పేరును ఇంగ్లీషులో పెడితే మొదట మూడు నిట్టనిలువు గీతలే. పెద్ద ఐ ఏదో చిన్న ఎల్ ఏదో పోల్చుకోలేక ఒకాయన బోర్డు వెనక్కి తెచ్చాడు. అప్పట్నుంచి అలాంటివి అన్నీ పెద్దక్షరాల్లోనే.

2017లో దీన్ని మళ్లీ గీశారు, మామూలు మందమైన రెగ్యులర్‌ను సన్నబరిచారు. అది తెలీక పాత విజిటింగ్ కార్డు ఫైలు కొత్త ఫాంటుతో తెరిచి ప్రింటు కొట్టాను. అక్షరాలు పల్చబడి, ఆ కట్ట మొత్తం నా నెత్తినే పడింది. పాత ఫైళ్లలో అక్షరాల్ని గీతలుగా, అంటే ఫాంటు మారినా రూపు మారని బొమ్మలుగా, మార్చి దాచుకోండి.

తెలుగు ఇందులో లేదు. పక్కన నేను రామభద్ర అనే తెలుగు ఫాంటు పెడతాను. లావులో ఈడైన జోడు, కానీ ఇంగ్లీషు కంటే ఓ పిసరు పెద్దది చేయాలి. కింద జాగా కూడా ముందే వదలాలి, లేకుంటే ‘ఎలక్ట్రికల్స్’లోని వత్తులు ఫోన్ నంబరు నెత్తిన కూర్చుంటాయి.