నాలుగేళ్లుగా వాడుతున్న ఆర్‌టీకే రేడియో: నా అనుభవం

సర్వే పనుల్లో బేస్ (ఒకచోట కదలకుండా ఉంచే జీపీఎస్ రిసీవర్) దగ్గర 35 వాట్ల యూహెచ్‌ఎఫ్ రేడియో పెట్టుకుని నాలుగేళ్లుగా ఆర్‌టీకే చేస్తున్నాను. అంటే బేస్ రేడియోలో పంపే దిద్దుబాటు డేటాను అందుకుని, మనం వెంట తిప్పే రిసీవర్ (రోవర్) సెంటీమీటర్ల కచ్చితత్వంతో స్థానం చెబుతుంది. మొబైల్ సిగ్నల్ అందని చోట దీన్ని మించి నమ్మదగినది నాకు దొరకలేదు. కాకపోతే సెట్టింగులు కుదిరేదాకా ఓపిక పట్టాలి.

కొన్న మొదటి నెలలోనే ఒక పూటంతా పోయింది. రోవర్‌లో రేడియో లైటు సెకనుకోసారి చక్కగా వెలుగుతోంది, ఫిక్స్ (ఆ కచ్చితమైన స్థానం) మాత్రం రావట్లేదు. ఫ్రీక్వెన్సీ, ప్రోటోకాల్, ఛానెల్ వెడల్పు అన్నీ మళ్లీ మళ్లీ చూశాం. తీరా చూస్తే బేస్ రిసీవర్ పోర్టు వేగం సెకనుకు 38400 బిట్లలో, దానికి తగిలించిన రేడియో పోర్టు 9600లో ఉన్నాయి. రేడియో పంపుతూనే ఉంది, పంపేదంతా చెత్త! పోర్టు వేగం వేరు, గాల్లో వెళ్లే వేగం వేరు. కొత్తవాళ్లు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. ఎర్రర్ కరెక్షన్ (దారిలో చెడిన డేటాను సరిచేసే సెట్టింగు) కూడా రెండు రేడియోల్లో ఒకేలా ఉండాలి.

ఇప్పుడు బేస్ పెట్టగానే ముందు చూసేది ట్రాన్స్‌మిట్ లైటునే. సెకనుకోసారి వెలిగి ఆరిపోతే సరే. ఆరకుండా వెలుగుతూనే ఉంటే ఒక సెకను డేటా ఆ సెకనులో వెళ్లడం లేదన్నమాట. గాల్లో వెళ్లే వేగం 4800లో ఉంచి ఎమ్‌ఎస్‌ఎమ్7 మెసేజ్‌లు (దిద్దుబాటు డేటాలో పెద్ద రకం) పంపినప్పుడు నాకు ఇదే జరిగింది. రేడియో చెయ్యి పెట్టలేనంతగా వేడెక్కింది. చిన్నవైన ఎమ్‌ఎస్‌ఎమ్4 మెసేజ్‌లకి మారి, వేగం 9600 చేసి, బేస్ స్థానం చెప్పే 1005 మెసేజ్‌ని పది సెకన్లకోసారికి తగ్గించాక ఆ బాధ తీరింది.

దూరం సరిపోవట్లేదంటే చాలామంది వాట్లు పెంచుతారు. నా మాట వినండి, ముందు యాంటెన్నా ఎత్తు పెంచండి. రెండు మీటర్ల ట్రైపాడ్ మీద నుంచి ఆరు మీటర్ల గొట్టం మీదకి మార్చాక, 10 వాట్లతోనే మునుపు 35 వాట్లకు అందని చోట్లకు అందింది. కేబుల్ పొట్టిగా ఉండాలి. సన్నటి ఆర్‌జీ-58 పది మీటర్లుంటే సగం పవర్ దారిలోనే పోతుంది. యాంటెన్నా బిగించకుండా మాత్రం ఎప్పుడూ ఆన్ చేయొద్దు, లోపలి ఆంప్లిఫయర్ కాలిపోవచ్చు.

నచ్చనిది బ్యాటరీ వాడకం. పూర్తి పవర్‌లో పంపేటప్పుడు ఏడెనిమిది ఆంపియర్లు లాగుతుంది. వోల్టేజ్ పడిపోయి బేస్ రిసీవర్ కూడా రీస్టార్ట్ అవుతుంటే, దానికి వేరే బ్యాటరీ పెట్టుకున్నాను.

పక్క సైట్‌లో ఇంకో బృందం అదే ఛానెల్‌లో ఉంటే, మా రోవర్ వాళ్ల బేస్ డేటా తీసుకుంటుందేమోనని టెన్షనే. అందుకే రోవర్‌లో మా బేస్ ఐడీ (గుర్తింపు సంఖ్య) ఉన్న డేటా ఒక్కటే తీసుకునేలా పెట్టి, రోజూ తెలిసిన పాయింట్ మీద ఒకసారి సరిచూసుకున్నాకే పని మొదలుపెడతాను.